శ్రుతి తప్పిందెవరు?

నిన్న బతుకమ్మ కాడ నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, ఇనుర్రి. చాయ్ మాత్రం పక్కన పెట్టుర్రి, నవ్వితే పొలమారుతది!

మా సూర్యాపేట కాలనీల ఏండ్లసంది పాట ఎత్తుకునేది మా అత్తమ్మనే. "వచ్చే ఏడు నువ్వే ఎత్తుకోవాలె బిడ్డా, నాకు ఆయాసమొస్తుంది" అని పోయిన బతుకమ్మకే చెప్పింది. నాకు ఒక దిక్కు సంబురం, ఒక దిక్కు గుబులు. ఆమె పేరు నిలబెట్టాలె, నాకేమో శ్రుతి అంటేనే తెల్వది.

ఫోన్ల ఒక యాప్ ఏసుకున్న. అది రెండు సౌండ్లు ఇనిపిస్తది, ఏది పైది, ఏది కిందిదో మనం చెప్పాలె. మొదట్ల రెండూ ఒక్కతీర్గనే ఇనబడేటియి. రోజూ కూరగాయలు కోసుకుంట ఇంటుంటే మెల్లగ చెవులు తెరుసుకున్నయి! మా కుక్కర్ విజిలేదో, ఎదురింటోళ్ళదేదో కూసున్నకాడ్నే చెప్తున్న. ఒకనాడు "మన ఫ్యాన్ శ్రుతి దిగింది" అన్న. మా ఆయన ఫ్యాన్ దిక్కు చూసి, నా దిక్కు చూసి, దండం పెట్టిండు.

ఇగ నిన్న ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ. పట్టుచీర కట్టిన, తలనిండ పూలు పెట్టుకున్న, పాట ఎత్తుకున్న. జరసేపటికే చెవికి తేడా కొట్టింది. నాదొకటి, వీళ్ళదొకటి!

"ఆగుర్రి! శ్రుతి తప్పుతున్నరు!" అన్న.

గుండ్రంగ తిరుగుతున్నోళ్ళు ఒక్కసారి ఆగేసరికి ఒకరి మీద ఒకరు పడ్డరు. మళ్ళ ఎత్తుకున్న. మళ్ళ తేడా! "కిందికి గుంజుతున్నరమ్మా, జర పైకి రార్రి!" ఎన్నిసార్లు ఆపిన్నో నాకే తెల్వది. ఆఖరికి చూస్తే, ఒక్కొక్కరే జారుకొని పక్క గల్లీ ఆటల కలిసిర్రు. బతుకమ్మల కాడ మిగిలింది నేను, అత్తమ్మ.

అత్తమ్మ ఆయాసపడుకుంటనే పాట ఎత్తుకుంది. పోయినోళ్ళంత ఉరికొచ్చిర్రు! నేను గూడ వాళ్ళల్ల కలిసి చప్పట్లు కొట్టిన.

ఇయ్యాల పొద్దుగాల, పండుగకు కోదాడ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ ఫోన్ పట్టుకొని వచ్చింది. "వదినా, నిన్న వీడియో తీశాను, చూస్తావా?"

"ఇటు తే! ఎవరు తప్పిర్రో ఇప్పుడే చూపిస్త" అని వాల్యూమ్ పెంచిన.

ఇన్న. మళ్ళ ఇన్న. అందరు సక్కగ ఒక్క శ్రుతిల ఉన్నరు. నేనొక్కదాన్నే పైపైకి పోతున్న! పాడేటప్పుడు నా గొంతు నాకు తెల్వలే గానీ, ఇప్పుడు ఎంత సాఫ్‌గ ఇనబడుతుందో!

"తేడా తెలుస్తుందా బిడ్డా?" అన్నది అత్తమ్మ.

"తెలుస్తుంది అత్తమ్మా."

"అయితే యాప్ మంచిదే. గొంతుకు గూడ ఏమన్న ఉందేమో సూడు!"

ఆడబిడ్డ కింద కూసోని నవ్వుడు. నాకూ నవ్వు ఆగలే. గింత ప్రాక్టీస్ ఎందుకు చేసిన్నో! పోయినేడైతే గీ వీడియో ఇని, "అబ్బ, ఎంత మంచిగ పాడిన!" అని అందరికీ పంపేదాన్ని.