గడియారం వెనక్కి తిప్పిన మంగళవారం

చింతచిగురు నలిపేటప్పుడు ఇప్పటికీ మా ఆడపడుచు వంటింటి గుమ్మంలో కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

బందరులో ఎమ్మెస్సీ లెక్కలు చదివేది. ఏదో పత్రికతో పాటు వచ్చిన సీడీలో, లెక్కలు చేసి బొమ్మలు గీసే ప్రోగ్రాం ఉందట. కొనక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చట. కాకపోతే కంప్యూటర్లో ముక్కా ముక్కా మనమే కట్టుకోవాలి. శనివారానికల్లా ఆ బొమ్మలతో ప్రాజెక్టు ఇవ్వకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. ఏడాది పోతే చదువు మాన్పించేస్తానని అత్తగారు ముందే చెప్పేశారు.

సోమవారం సగం పనయ్యాక కరెంటు పోయింది. మర్నాడు మళ్ళీ కూర్చోబోతుంటే అత్తగారి కంట పడింది.

"మంగళవారం పూట కొత్త పనేంటే? గురువారం చేసుకో."

"అప్పటిదాకా ఆగితే నా పని అయినట్టే!"

ఆవిడ కదల్లేదు. పిల్ల ఏదో నొక్కి, తేదీని పోయిన గురువారానికి తిప్పేసింది. "ఇదిగో చూడమ్మా, కంప్యూటర్లో గురువారమే!"

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, "అయితే కానీ" అన్నారు. చిత్రం, ఆవిడకి అది చాలింది.

ఇక కష్టాలు మొదలు. తెర మీద అక్షరాలు చీమల్లా పారేవి. చివర్లో మాత్రం ప్రతిసారీ అదే ఇంగ్లీషు ముక్క. ప్రోగ్రాం తెరుచుకునేది, బొమ్మ గీయమంటే మొండికేసేది. ఆగిన చోటి నుంచే మళ్ళీ మళ్ళీ నడిపింది. గురువారం కంప్యూటర్ల షాపుకి కూడా వెళ్ళొచ్చి, నేను చింతచిగురు నలుపుతుంటే వంటింటి గుమ్మంలో కూలబడింది.

"ఆ ఇంగ్లీషు ముక్క క్లాక్‌లో తేడా ఉందంటోంది వదినా. లోపలి చిప్పు స్పీడుని కూడా క్లాకనే అంటారులే. అది మార్చాలన్నారు షాపులో."

నేను చదివింది ఐదో తరగతి. కానీ విన్నదీ చూసిందీ మర్చిపోను.

"గడియారమా? మొన్న మీ అమ్మ కోసం నువ్వే వెనక్కి తిప్పావుగా. మళ్ళీ సరిచేశావా?"

నా మొహంలోకి అలా చూసి, ఒక్క ఉదుటున లేచింది. "వదినా! అది ఇంకా పోయిన వారంలోనే ఉంది. సోమవారం నేను కట్టినవేవీ దాని లెక్కలో పుట్టనేలేదు! అందుకే వాటికి కొత్తవి అతకడం లేదు!"

తేదీ సరిచేసి, అంతా చెరిపి మొదటి నుంచి కట్టింది. దీపాలు పెట్టే వేళకి తెర మీద ఐదు రేకుల పువ్వు విచ్చుకుంది. ఒక్క వరస లెక్కలోంచి అంత పువ్వు!

అత్తగారు వచ్చి చూశారు. "గురువారం చేసుకోమన్నానా లేదా?"

ఎంత నవ్వుకున్నామో!

అత్తగారు పోయి రెండేళ్ళయింది. ఆడపడుచు అవనిగడ్డలో పాఠాలు చెబుతోంది. దూరమేం కాదు, అయినా తల్లి లేని ఇంటికి రావడం తగ్గించేసింది. మొన్న పాత సామాన్లవాడికి ఇచ్చేముందు ఆ కంప్యూటరుని ఒకసారి వెలిగించాను. ఎన్నేళ్ళో వెనకటి తేదీ చూపించింది. ఆమెకి ఫోన్ చేశాను.

"లోపల బ్యాటరీ అయిపోయింది వదినా. ఊరికే అలా చూపిస్తుంది."

"మార్చనా?"

"ఆ తేదీకి అమ్మ ఉందిగా. ఉండనీ."

కరెంటు పోయేదాకా నేను దాన్ని ఆపలేదు.