చెవి తమ్మె గిల్లిన వేళ్లు

దయ్యాల కబుర్లంటే నాకు నవ్వే తప్ప భయం లేదు. చిలకలగూడలోని మా ఇంట్లో కరెంటు పోతే ఫ్యూజు వేసేది నేనే, మా ఆయన టార్చి పట్టుకుంటాడు. అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నమ్మకపోయినా ఏమీ అనుకోను.

మా బాబు నెలలు నిండకుండా పుట్టాడు. అరచేతిలో పట్టేంత ప్రాణం. ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ కూర్చోబెట్టి మరీ చెప్పింది: "ఇలాంటి పిల్లలకు కంటి వెనక రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతాయమ్మా. ఆక్సిజన్ పెట్టినవాళ్లకు ఇంకా భయం. పైకి ఏమీ తెలీదు. వచ్చే వారం కంటి పరీక్షకు తేవాలి. ఆలస్యమైతే చూపు పోవచ్చు."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా అత్తమ్మ ససేమిరా అంది. "పురుడు దినాలు ఎల్లకముందే పసిగుడ్డును గడప దాటిస్తరా? ఏందే నీ తొందర? కండ్లు మంచిగనే ఉన్నయ్ గద!"

ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం మా ఆయనకు లేదు. పరీక్షకు రమ్మన్న రోజు దాటిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం బాబును గుండెల మీద పడుకోబెట్టుకుని ఒరిగాను. పచ్చ కర్టెన్ లోంచి ఎండ నీళ్లలా కదులుతోంది. స్టేషన్ వైపు నుంచి రైలు కూత సన్నగా వినిపిస్తోంది. అది నిద్రా కాదు, మెలకువా కాదు.

అప్పుడు నా నుదుటి మీద చిన్న వేళ్లు తగిలాయి. చల్లగా ఉన్నాయి. నుదురు, కనుబొమలు, ముక్కు, గడ్డం తడిమాయి. చివరికి ఎడమ చెవి తమ్మెను మెల్లగా గిల్లాయి. భయం వేయలేదు. నన్నెవరో గుర్తుపట్టినట్టు హాయిగా అనిపించింది.

తర్వాత బాబు టోపీ దానంతటదే పైకి జరిగింది. వాడి రెండు రెప్పలూ ఎవరో వేలు పెట్టినట్టు కొద్దిగా నొక్కుకున్నాయి. పూర్తిగా మెలకువ వచ్చి చుట్టూ చూశాను. గదిలో ఎవరూ లేరు.

వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తున్న అత్తమ్మకు చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. "ఎడమ చెవేనా?" అంది.

మా ఆయనకు పద్మ అనే అక్క ఉండేదని, చిన్నప్పుడే జ్వరంతో పోయిందని మాత్రమే నాకు తెలుసు. మిగతాది అత్తమ్మ ఆ రోజు చెప్పింది. పద్మ కూడా ఏడో నెలలోనే పుట్టిందట. ఆక్సిజన్ పెట్టి బతికించారట. చూపు మాత్రం లేదట. ఎవరొచ్చినా ముఖం తడిమి, గుర్తుపట్టగానే ఎడమ చెవి తమ్మె గిల్లేదట.

"దినాలు ఎల్లకముందే ఎండల బయటికి తీస్కపోయిన, దిష్టి తాకి కండ్లు పోయినయ్ అనుకున్న బిడ్డా, ఇన్నేండ్లు. ఆక్సిజన్ సంగతి నాకేం ఎరుక?" అని ఏడ్చింది. ఏడుస్తూనే లేచింది. "నడు, ఆటో పిలువు. నా బిడ్డ ఊకెనే రాలే."

పరీక్షలో జబ్బు బయటపడింది. వెంటనే లేజర్ చేశారు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే చూపు దక్కేది కాదని డాక్టరమ్మ కోప్పడింది.

వాడికిప్పుడు ఏడాది దాటింది. ఎదురింటి పిట్టగోడ మీద కాకి వాలితే వేలు చూపించి కేరింతలు కొడతాడు. ఆ వేళ్లు నాకు మళ్లీ తగలలేదు. అలసటలో ఏదో కలగన్నానని సర్దిచెప్పుకున్నాను. కానీ పద్మ అలవాటు నా కలలోకి ఎలా వచ్చింది?

మొన్న మధ్యాహ్నం వాడు అత్తమ్మ ఒళ్లో కూర్చుని ఉన్నట్టుండి కళ్లు మూసుకున్నాడు. ఆమె నుదురు, కనుబొమలు, ముక్కు, గడ్డం తడిమాడు. ఎడమ చెవి తమ్మె మెల్లగా గిల్లాడు. వాడికి ఎవరూ నేర్పలేదు.

"గుర్తువట్టినవా బిడ్డా?" అంది అత్తమ్మ.

ఆ మాట ఎవరిని అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.