రెండుకు మూడు

సౌదీలో, అజీజియాలోని మా ఫ్లాటు స్నానాల గదిలో డైవింగ్‌కు వేసుకునే రబ్బరు సూటు ఆరేసి ఉంది. దాని కాళ్ల నుంచి నీటి బొట్లు ప్లాస్టిక్ బకెట్టులో పడుతున్నాయి. రెండు బొట్లు, కాస్త ఆగి మళ్లీ రెండు. ఉప్పూ రబ్బరూ కలిసిన ఆ వాసనకు ఎప్పుడూ నరసన్న గుర్తొస్తాడు. ఆ చప్పుడును మాత్రం ఇవాళే లెక్కపెడుతున్నాను.

నరసన్నది వరంగల్ వైపు. ధహ్రాన్‌లో మెయింటెనెన్స్ ఇంజనీరు, నాకు పై అధికారి. డిగ్రీ మధ్యలో ఆగిపోయిన నాకు మా కంపెనీ కాంపౌండ్ లైబ్రరీయే కాలేజీ. చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉండే నన్నూ, మా ఆఫీసులోనే పనిచేసే నెల్లూరు రహీమ్‌నూ ఆయనే సముద్రంలోకి దింపాడు. అందరూ ఎండాకాలంలో దిగితే ఆయన చలికాలంలో దిగేవాడు. అప్పుడు నీళ్లు ఎముకల్ని పట్టుకుంటాయి. ఉత్తరపు గాలి వీచిన మర్నాడైతే అడుగున బురద లేచి, చాచిన చెయ్యి కూడా కనబడదు. అలాంటప్పుడు వీపు మీది గాలి సిలిండరును కత్తి పిడితో కొట్టి ఒకరినొకరు పిలుచుకోవాలి. అందుకు ఆయన సొంతంగా పెట్టిన నియమం ఒకటుంది.

"నేను రెండు గొడితే నువ్వు మూడు గొట్టాలె తమ్మీ. ఎప్పుడైనా ఒకటెక్కువ. రెండుకు రెండే వచ్చిందనుకో, కదలకు."

"ఎందుకన్నా?" అన్నాను.

"అది మనోడు గాదు."

"మరెవరు, మన వీసా గుప్పిట్లో పెట్టుకున్న కఫీలా? నీళ్లలోక్కూడా వస్తాడా?" అన్నాడు రహీమ్.

నరసన్న నవ్వలేదు. నేను చదివింది అప్పజెప్పాను. నీటిలో శబ్దం మహావేగంగా పోయి రెండు చెవులకూ దాదాపు ఒకేసారి చేరుతుంది, అందుకే ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదని.

"మంచిగ సదివినవ్. లోపల గూడ యాదుంచుకో," అన్నాడు.

ఆ చలికాలమే, మునిగిపోయిన ఒక పాత పడవ దగ్గర నేనూ నరసన్నా దిగాం. రహీమ్ పైన మా పడవలో ఉన్నాడు. మా లంగరు ఆ పాత పడవకే తగులుకుంది. నేను లంగరు గొలుసు పట్టుకొని ఉండగా బురద లేచింది, పక్కనున్న నరసన్న మాయమయ్యాడు. రెండు కొట్టాను. రెండే వచ్చాయి. మళ్లీ కొట్టాను. మళ్లీ రెండే, ఈసారి దగ్గరగా, ఎవరో మర్యాదగా తలుపు తట్టినట్టు. చెవులు దిక్కు చెప్పలేవని చదివినవాణ్నే, అయినా అది నా ఎడమ పక్కనే ఉందని ఒట్టేసి చెప్పగలను. ఆయన ఎక్కడైనా ఇరుక్కుని లెక్క తప్పాడేమో, నేను వెళ్లకపోతే ప్రాణం పోతుందేమో. గొలుసు మీద వేళ్లు విడివడ్డాయి కూడా. "కదలకు" అన్న మాట గుర్తొచ్చి మళ్లీ బిగుసుకున్నాయి. గాలి మీటరు ముల్లు ఎర్రగీతకు దిగుతుండగా, కుడి పక్క నుంచి ఒక చెయ్యి నా మోచెయ్యి పట్టుకుంది.

పైకి వచ్చాక, పళ్లు టకటకలాడుతుంటే అడిగాను. "రెండే ఎందుకు కొట్టావన్నా?"

"నేను కొట్టనే లే. కత్తి చేతులకెళ్లి జారి ఆడనే పడ్డది. పాత పడవ తడుముకుంట గొలుసు కాడికొచ్చిన. నువ్వు ఆడ లేకుంటే నిన్ను దేవులాడుకుంట ఇద్దరం పోయేటోళ్లం."

"ఆ పడవలో ఇనప తలుపేదో ఊగుతుండాలి," అన్నాను.

ఆయన ఫ్లాస్కులోంచి టీ వంచి నాకిచ్చాడు. "తలుపనే అనుకో. నిద్ర పడ్తది."

ఆ కత్తి మళ్లీ దొరకలేదు. తర్వాత ఆయన ఉద్యోగం వదిలి, ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోయాడు. పోయిన వానాకాలంలో గుండె ఆగి చనిపోయాడని ఫోనొచ్చింది.

ఇవాళ పొద్దున నేనూ రహీమూ అక్కడే దిగాం. లేచిన బురదలో ఒకే గొలుసు పట్టుకొని పక్కపక్కనే ఉన్నాం. ఆయన జ్ఞాపకంగా నేను రెండు కొట్టాను. రహీమ్ మూడు కొట్టాడు. ఇద్దరి చేతులూ ఆగాక, బురదలోంచి నాలుగు వినబడ్డాయి.

రహీమ్ తన ముఖం నా ముఖానికి ఆనేంత దగ్గరగా తెచ్చి చూశాడు. ఊగే తలుపుకు లెక్క రాదు. మూడుకు నాలుగు, నరసన్న నియమం ప్రకారమైతే అది మనోడే. పిలిస్తే పలకాలన్నదీ ఆయన నేర్పిందే, ఉన్నచోటు వదలొద్దన్నదీ ఆయన నేర్పిందే.

గొలుసు వదలకుండా, ఐదు కొట్టాను.