గుంత నిలువు చూసిన మేస్త్రీ

గోవిందస్వామి మేస్త్రీ వేలూరు దొరలకు అమ్ముడుపోయాడని గుడియాత్తం నేతవీధిలో పుకారు.

ఆయనకున్నది ఒకటే జబ్బు, అనుమానం. కట్టిన గోడను అనుమానించడం మేస్త్రీకి అవసరమే. ఈయన గోల్ఫు మైదానంలో బంతినీ, గడ్డినీ, గాలినీ కూడా అనుమానిస్తాడు. గోడ నిలువు చూసే ఇత్తడి గుండును బొడ్లోంచి తీసి, దారం పట్టుకుని, బంతి పడాల్సిన గుంతలోకి వేలాడదీస్తాడు.

"గుంత వంకరగా ఉండాది దొరా. ఎవురు తవ్వినారు?"

దొరల క్లబ్బు గోడలు కట్టేటప్పుడు ఆయనకు పట్టిన ఆట అది. క్లబ్బుకు తువ్వాళ్లు నేసిచ్చే శివప్రకాశానికీ అంటించాడు. ఈసారి మాత్రం ధర్మం కోసం పోటీ. జంటకు ఒకే బంతి, వంతులవారీగా కొట్టాలి. దొరల జంట గెలిస్తే చందా అంతా బ్యాండు వాయించే మండపానికి. మన జంట, అంటే మేస్త్రీ, శివప్రకాశం గెలిస్తే నేతవీధిలో కాలిపోయిన మగ్గాలకు. అందులో శివప్రకాశం భార్య రాజాంబాళ్ పుట్టింటి మగ్గమూ ఉంది.

"ఆ మండపం కట్టేదెవురు పాపా? ఈ మేస్త్రీనే గదా! మనల్ని గెలవనిస్తాడా?" అంది పక్కింటి కుప్పమ్మ, మైదానం కంచె దగ్గర రాజాంబాళ్ పక్కన నిలబడి.

రాజాంబాళ్ ఆ మాటతో మేస్త్రీ మీద పెట్టిన కన్ను తీయలేదు.

శివప్రకాశం వంతు వచ్చింది. కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడే గానీ కొట్టడం లేదు.

"ఆగప్పా!" మేస్త్రీ బంతి తీసి వాసన చూశాడు. "సీకాయ వాసన కొడతా ఉండాది. ఎవురో మార్చినారు."

"అది నా చేతి వాసన అన్నా! పొద్దున తలకు పోసుకున్న్యా."

"ఆట రోజు తలకెందుకు పోసుకున్న్యావు? ఎవురు చెప్పినారు?"

"నీకెందుకన్నా! పెట్టు కింద!" శివప్రకాశం కోపంగా కొట్టాడు. బంతి గాల్లో లేచి నేరుగా గుంత దగ్గరికి పోయి పడింది. అదృష్టం బాగుంది, లేకపోతే ఈ మేస్త్రీ నా మొగుడి చెయ్యి చెడగొట్టేవాడే, అనుకుంది రాజాంబాళ్.

చివరి గుంతకు వచ్చేసరికి రెండు జంటలూ సమానం. మన జంట బంతి గుంతకు రెండు బారల దూరంలో ఆగింది; ఈ దెబ్బకు పడితే గెలుపే. మళ్లీ శివప్రకాశం వంతే. మైదానమంతా గుడ్లప్పగించి అతన్నే చూస్తోంది. అతను కర్ర ఎత్తి, కొట్టకుండానే మళ్లీ దించాడు.

మేస్త్రీ గుంత పక్కన బోర్లా పడుకుని గుండు దించాడు.

"మేస్త్రీ! ఏమిటది?" దొర అరిచాడు.

"లోపల తేలు ఉండాదేమో దొరా."

"ఉంటే?"

"బంతి తీసేటప్పుడు తమరిని కుడితే ధర్మం యాడికి పోతాది?"

జనం గొల్లుమన్నారు. శివప్రకాశానికీ నవ్వాగలేదు. "లెయ్యన్నా! తేలు నెత్తినే ఏస్తా!" అంటూ కొట్టాడు. బంతి గుంతలో పడింది.

వేలూరు నుంచి తిరుగు దారిలో ఎద్దుబండి కే.వి.కుప్పం ఊరు దాటినా కుప్పమ్మ అనుమానం తగ్గలేదు. "అమ్ముడుపోయినోడే పాపా. ఎత్తు పారలేదు, అంతే."

బండి ముందువైపు మేస్త్రీ, ఎద్దు కొమ్ములు రెండూ సమంగా లేవని శివప్రకాశంతో వాదిస్తున్నాడు.

"అక్కా," అంది రాజాంబాళ్ మెల్లగా, "తన వంతు వచ్చినప్పుడు ఆ గుండు ఒక్కసారన్నా తీసినాడా?"

కుప్పమ్మ వక్క నమలడం ఆపి ఆలోచించింది.

తీయలేదు. ఆయన అనుమానాలన్నీ శివప్రకాశం బెదిరి నిలబడ్డప్పుడే. తన వంతుకు ఆయన బంతిని సరిగ్గా చూసింది కూడా లేదు. కొట్టాడు, నడిచాడు.