పుండ్లు మానిన ఎద్దు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం చివర, మృగశిర కార్తె ఇంకా రాకముందు, మా ఊరి పశువులన్నిటికీ గాలికుంటు సోకింది. మా ఊరి నుంచి ఇబ్రహీంపట్నం నడిచి పోయేంత దూరమే. అప్పుడు అటువైపంతా ఆముదం, జొన్న చేలు. ఇప్పుడు అక్కడ ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి. గాలికుంటు వచ్చిన పశువుకు నోటి నిండా పొక్కులు, గిట్టల సందుల్లో పుండ్లు అవుతాయి. చొంగ కారుస్తూ, ఎదురుగా మేత ఉన్నా తినలేక నిలబడి ఉంటుంది. మాకు రెండెడ్లు, ఒక ఆవు, దాని లేగదూడ ఉండేవి. ఎడ్లు బాగా దెబ్బతిన్నాయి. దూడ నోట్లో మాత్రం ఒక్క పొక్కు కూడా లేదని అందరం సంతోషించాం.

ఒకరోజు పొద్దున ఆ దూడ తల్లి దగ్గర పాలు తాగుతూ తాగుతూనే పక్కకు ఒరిగిపోయింది. దాని మూతికి అంటిన పాలనురుగు ఇంకా ఆరలేదు. దిష్టి తగిలిందని అమ్మ ఏడ్చింది. మా తాతయ్య దాని డొక్క మీద చేయి పెట్టుకొని చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

ఎడ్ల గిట్టలను తాతయ్య వేపాకు కాచిన నీళ్లతో కడిగి, పసుపు కలిపిన నూనె రాసేవాడు. జావ కాచి, వెదురు గొట్టంతో నోట్లో పోసేవాడు. మెల్లమెల్లగా జ్వరం తగ్గింది. పుండ్లు మానాయి. ఎడ్లు మళ్లీ మేత ముట్టాయి. సరిగ్గా అప్పుడే వాన పడింది.

మాది చెల్క నేల, ఇసుక కలిసిన ఎర్రమట్టి. పదును ఎక్కువ రోజులు నిలవదు. ఆ పదునులో విత్తనం పడకపోతే ఆ ఏడు ఇంట్లో జొన్నలు ఉండవు. మా బాపు తెల్లవారకముందే కాడి, నాగలి సర్దుకున్నాడు. తాతయ్య వద్దన్నాడు. ఇంకొన్నాళ్లు ఆగమన్నాడు. నీళ్లు తాగి వచ్చేసరికే ఎడ్ల డొక్కలు ఎగిరిపడుతున్నాయని చెప్పాడు.

"జరం లేదు. మేత మేస్తున్నయ్. ఇంకేం గావాలె నీకు?" అన్నాడు బాపు.

అప్పుడే పక్క చేను మామ తన ఎడ్లను తోలుకొని మా వాకిలి ముందు నుంచి పోతున్నాడు. ఆగి నవ్వాడు. "ఏం బావా, ఎడ్లను పండుగకొచ్చిన అల్లుళ్ల లెక్క కూసోబెట్టి మేపుతున్నవ్. కొత్త బట్టలు గూడ పెడ్తవా ఏంది?"

బాపు ముఖం ఎర్రబడింది. ఇంటి పెత్తనం తాతయ్య అప్పటికే బాపు చేతిలో పెట్టాడు. అందుకే మళ్లీ ఎదురు చెప్పలేదు. కండువా భుజాన వేసుకొని బాపు వెనకాలే నడిచాడు. మా తమ్ముడు అప్పటికి ఇంకా అమ్మ చంకలోనే ఉన్నాడు కాబట్టి, నీళ్ల చెంబు పట్టుకొని నేను వెళ్లాను.

మొదటి చాళ్లు బాగానే సాగాయి. గట్టు మీద కూర్చున్న మా వైపు బాపు ఒకసారి తలెత్తి చూశాడు, చూసిన్రా అన్నట్టు. చేను చివర నాగలి తిప్పుతుండగా ఎడమ పక్క ఎద్దు ఆగిపోయింది. బాపు చర్నాకోల ఎత్తాడు కానీ కొట్టలేదు. ఎద్దు ముందుకాళ్లు మడిచింది. నెమరు వేయడానికి పడుకుంటుందేమో అనుకున్నాను. అంత మెల్లగా వంగి, అట్లాగే పక్కకు వాలిపోయింది. కాడి ఒకవైపు కుంగింది. రెండో ఎద్దు మెడ దానితో పాటే కిందికి వంగిపోయింది. నెత్తురు లేదు. అరుపు లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

తాతయ్య పరుగున వెళ్లి కాడి విప్పాడు. బాపు అక్కడే చాలులో కూలబడి ముఖానికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. తాతయ్య మిగిలిన ఎద్దును నడిపించుకొని వచ్చి బాపు పక్కనే నిలిపాడు. నన్ను పిలిచాడు. నా అరచేతిని తీసుకొని ఎద్దు ముందుకాలి వెనుక, ఎడమ వైపున ఆనించాడు.

చెమట పట్టిన తోలు కింద, ఎవరో లోపలి నుంచి తలుపు తడుతున్నట్టుగా ఉంది. దడదడా తడుతోంది. ఉన్నట్టుండి ఆగింది. భయపడి చేయి తీయబోయాను. తాతయ్య నా చేతి మీద తన చేయి వేసి కదలనివ్వలేదు.

"ఆగింది తాతా."

"మల్లొస్తది. ఉండు."

వచ్చింది. రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టుగా వచ్చి, మళ్లీ దడదడ మొదలైంది.

"గిట్టల పుండు కండ్లకు కనవడ్తది బిడ్డా, మానిందని ఎర్కైతది. గీ లోపట ఉన్నది మానిందో లేదో ఎవలు చెప్పాలె? జరం పోయినంక గూడ గీడ కాలుతనే ఉంటది. మీ బాపుకెట్ల ఎర్కుంటది? నాకు గూడ వయసుల ఉన్నప్పుడు ఒకెద్దు గిట్లనే పోయినంకనే ఎర్కైంది."

తువ్వాల అడ్డం పెట్టుకున్న బాపు భుజాలు కదలడం చూశాను. తాతయ్య చెప్పింది నాకే. కానీ వినవలసింది బాపు. కొడుకు తల మరింత దించకుండా ఆ మాట చేరవేయడానికి ఆయనకు నా చేయి పనికివచ్చిందని పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు.

మరునాడు పక్క చేను మామ పిలవకుండానే తన అరకతో మా చెల్కలోకి వచ్చాడు. "మాట్లాడకు బావా. ముందుగల ఇత్తనం పడనీ" అని దున్నడం మొదలుపెట్టాడు. రెండో ఎద్దుకు ఆ ఏడు కాడి తగిలించలేదు. అది బతికింది. కానీ ఆ తర్వాత ఎప్పుడు చూసినా, నీడన పడుకొని ఉన్నా, కుక్కలాగా రొప్పుతూనే ఉండేది.

నా బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మిగిలిన చదువంతా గ్రంథాలయంలోనే చదివాను. ఆ మాట చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. పశువైద్యం గురించిన ఒక పాత పుస్తకంలో గాలికుంటు పేరు కనబడితే నిలబడే చదివాను. అది వైరస్ వల్ల వచ్చే రోగమట. లేగదూడల్లో నోట్లో పొక్కులు రాకముందే గుండె కండరానికి వాపు వస్తుందట. పెద్ద పశువుల్లోనూ కొన్నిటికి అట్లా అవుతుందట. చనిపోయిన దూడ గుండెను కోసి చూస్తే పులి ఒంటి మీది చారల్లాగా పాలిపోయిన చారలు ఉంటాయట. నాకు పాలనురుగు అంటిన మూతి గుర్తుకొచ్చింది. ఆ రోజు ఇంకో పేజీ చదవలేకపోయాను.

రెండోసారి కరోనా విరుచుకుపడినప్పుడు మా తమ్ముడికి సోకింది. వాడు మేస్త్రి. నేను ఉండేది వాడి ఇంట్లోనే. న్యుమోనియా ముదిరి, పట్నంలో దవాఖానలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. వాడి గుండె ఒక్కోసారి పరుగు పెడుతోందని, ఒక్కోసారి వరుస తప్పుతోందని, రక్తపరీక్షలో ఒంట్లో వాపు చాలా ఎక్కువగా కనబడిందని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. వైరస్ మీద పోరాడటానికి శరీరం రాజేసుకున్న మంట ఊపిరితిత్తుల దగ్గరే ఆగదట. నెత్తురు వెంట గుండె కండరానికీ పాకవచ్చట. అట్లా వాచిన చోట, గుండెను నడిపించే విద్యుత్తు దారి తప్పుతుందట. ఆమె మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ల ముందు ఆ చారలే ఉన్నాయి.

తమ్ముడు బతికి ఇంటికి వచ్చాడు. కొన్ని నెలలు బరువు పని చేయవద్దని చెప్పి పంపారు. కానీ బొంగులూరు దగ్గర వాడు ఒప్పుకున్న ఇంటికి స్లాబ్ వేయవలసి ఉంది. పొద్దస్తమానం ఫోన్లు. ఒకరోజు పొద్దున్నే బండి తాళాలు తీసుకొని బయలుదేరాడు. పోవద్దన్నాను.

"జరం లేదు. అన్నం తింటున్న. ఇంకేం గావాలె అక్కా నీకు?"

బాపు మాటే అది. చదివినవన్నీ చెప్పబోయాను. "ఆగు ఆగు, లైబ్రరీ డాక్టరమ్మ మొదలువెట్టింది. సూది గూడ నువ్వే ఇస్తవా?" అని నవ్వాడు. ఇంట్లో అందరూ నవ్వారు.

వాడి మనవరాలు గడప మీద ఆడుకుంటోంది. ఇంకా బడికి పోని పిల్ల. దాన్ని దగ్గరికి పిలిచి, చేయి తీసుకొని తమ్ముడి ఛాతీ మీద ఆనించాను. తాత గుండె ఏమంటుందో వినమన్నాను. పిల్ల ఆట అనుకుంది. "టక్కు టక్కుమంటుంది" అని కిలకిలా నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

"తాతా, ఆగింది."

పిల్ల చేయి తీయబోతే, దాని మీద నా చేయి వేసి ఉంచాను.

"మల్లొచ్చింది" అంది పిల్ల, చాలా చిన్నగా.

తమ్ముడు గోడ వైపు తల తిప్పుకున్నాడు. కాసేపటికి తాళాలు కిటికీలో పెట్టాడు. "మెట్లెక్కుతుంటె గట్లనే అయితదక్కా. కండ్లకు చీకట్లొస్తయ్. చెప్తె మల్ల దవాఖాన్ల పండబెడ్తరని చెప్పలే."

"ఎద్దుకు నోరు లేదురా. నీకేమైంది?" అన్నాను. కోపంగానే అన్నాను.

అదే రోజు మళ్లీ దవాఖానకు తీసుకుపోయాం. గుండె కండరంలో వాపు ఇంకా తగ్గలేదని, అట్లాగే స్లాబ్ పనికి ఎక్కి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని అన్నారు. మందులు, విశ్రాంతి, మళ్లీ పరీక్షలు. అట్లా నెలలు గడిచాక గుండె వరుసలోకి వచ్చింది. ఇప్పుడు పనికి పోతున్నాడు. బరువులు ఎత్తడు. నిలబడి చేయిస్తాడు.

తాత బాగయ్యాడని ఆ పిల్లకు ఎన్నోసార్లు చెప్పాం. తలూపుతుంది. కానీ ఆట మధ్యలో ఉన్నట్టుండి లేచి వచ్చి, అన్నం తింటున్న వాడి వీపుకు అరచేయి ఆనిస్తుంది. "మంచిగనే ఉన్ననే, పో ఆడుకో" అని వాడు తరుముతాడు. అది వెంటనే పోదు. ఊపిరి బిగబట్టి, తర్వాతి దెబ్బ కోసం చూస్తుంది. అప్పుడు దాని ముఖం చూస్తే, ఆ రోజు చేలో నా ముఖం ఎట్లా ఉండి ఉంటుందో తెలుస్తుంది.

తమ్ముడు నాకు దక్కాడు. తాతయ్య చేసినట్టే చేశాను, ఇంకోలా చేయగలిగేదాన్ని కాదు. కానీ నా చేయి ఆ ఎద్దు ఒంటి మీది నుంచి ఇన్నేళ్లయినా పూర్తిగా రాలేదు. ఆ పిల్ల చేయి వాళ్ల తాత మీది నుంచి ఎప్పటికైనా వస్తుందో రాదో నాకు తెలియదు.