రెండు పనులూ ఒక్కపారి చేసిండా?

మొన్న మంగళవారం పొద్దున జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. కాక తమ్ముడి కొడుకు చేశాడు. "మా పెద్దనాయిన పోయిండే అన్నా. నిద్రల్నే పాణం పోయింది" అన్నాడు. "ఎన్ని గంటలకు తీస్కపోతున్నరు?" అని మాత్రం అడిగి, బస్సెక్కాను.

ఆయన నాకు చుట్టం కాడు. చమురు ధర పెరిగి, ఖతర్‌లో ఎటు చూసినా ప్లాంట్లు లేస్తున్న రోజుల్లో, దోహాకు దక్షిణాన సముద్రపు ఒడ్డున మేమిద్దరం ఒకే కంపెనీలో పనిచేశాం. ఆయన రిగ్గింగ్ ఫోర్‌మన్. అంటే క్రేన్‌తో బరువులెత్తే గ్యాంగుకు పెద్ద. కరీంనగర్ వైపు నుంచి పోయిన మేమంతా ఆయన్ను 'కాక' అనేవాళ్ళం. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనం చెప్పి, మన కన్నీళ్ళు చెప్పి ఊరుకుంటాం. కాక గురించి అలా రాస్తే నేను దొంగనవుతాను. ఆయనకు నేనొక అన్యాయం చేశాను. అదీ చెప్పాలి.

క్రేన్ బరువు ఎత్తే ముందు ఆయన చేతి గడియారం తీసి జేబులో వేసుకునేవాడు. బరువు గాలిలో ఉన్నంతసేపూ సైగలిచ్చే ఆ చేతుల్లో సిగరెట్టు గాని, చాయ్ గ్లాసు గాని ఉండేది కాదు. "గీ చేతులు ఇప్పుడు నాయి కావు, క్రేన్‌వి" అనేవాడు. సెలవురోజు శుక్రవారం కంపెనీ లారీ దోహా నడిబొడ్డున ముషైరిబ్ బజారులో దింపితే మేం క్యాసెట్ల దుకాణాల వెంట పడేవాళ్ళం. ఆయన మాత్రం సెలవు లేకుండా పని నడుస్తున్న ఏదో ఒక కట్టడం దగ్గర ఆగిపోయి, క్రేన్ నడిపేవాడికి సైగలిచ్చే అక్కడి సిగ్నల్‌మన్ చేతులు చూస్తూ నిలబడేవాడు. ఆ సైగలు నచ్చకపోతే తిరుగు దారంతా మాతో మాట్లాడేవాడు కాదు. సెలవు రోజున కూడా సుఖపడడం తెలియని మనిషని మేం నవ్వుకునేవాళ్ళం.

మా ఇంజనీర్ అమెరికావాడు. ఆయనకు బేస్‌బాల్ పిచ్చి. చాయ్ విరామంలో ఒక పైపు ముక్క, ఒక నారింజపండు పట్టుకుని ఆ ఆట మాకు ఆడి చూపించేవాడు. వాళ్ళ తాతల కాలంలో ఒక ఆటగాడు ఉండేవాడట. అందరూ బంతి విసరడమో, బంతి కొట్టడమో ఏదో ఒకదాంట్లోనే ఆరితేరతారు. ఆయన రెండింట్లోనూ మేటి. కనుక పుట్టినవాళ్ళలోనూ పుట్టబోయేవాళ్ళలోనూ ఆయనే గొప్పవాడని ఇంజనీర్ వాదన. ఇంటర్ చదివిన నేను ఆ ఇంగ్లీషును తెలుగు చేసి కాకకు చెప్పేవాణ్ణి, కాక తెలుగును ఇంగ్లీషు చేసి ఆయనకు చెప్పేవాణ్ణి.

కాక ఒప్పుకునేవాడు కాదు. ఏనాడూ చూడని ఆట గురించి, పేరైనా పలకరాని మనిషి గురించి నెలల తరబడి వాదించాడు. "ఆయన బంతి ఇసిరేటప్పుడు ఎటు ఇసరాల్నో ఎవలు జెప్తరు?" అని అడిగాడు ఒకరోజు. కొట్టేవాడి వెనక గొంతుక్కూర్చునే క్యాచర్ వేళ్ళతో సైగ చేస్తాడని ఇంజనీర్ చెప్పాడు. ఆ క్యాచర్ పేరేమిటంటే, తనకూ గుర్తులేదని నవ్వాడు. "ఆఁ, నేను జెప్పేది గా పేరు యాదిలేని మనిషి సంగతే" అన్నాడు కాక. వెల్డర్లంతా ఇంజనీర్ పక్షం, రిగ్గర్లంతా కాక పక్షం. రెండుసార్లు కాలర్లు పట్టుకునేదాకా కూడా వచ్చింది.

నేను ఇంజనీర్ పక్షమని చెప్పక్కర్లేదు. వెల్డింగ్, కటింగ్, రిగ్గింగ్, సిగ్నల్ అన్నీ వచ్చని నాకు వయసుకు మించిన పొగరు. ఇంజనీర్ నా భుజం తట్టి, ఈ సైట్‌కు ఆ ఆటగాడివి నువ్వేనయ్యా అన్నప్పుడు నేల మీద నడిస్తే ఒట్టు.

ఆ ఎండాకాలం మనుషులు చాలలేదు. పని గడువు ముంచుకొచ్చింది. రెండో క్రేన్‌కు, బరువుకు సంకెల బిగించే రిగ్గర్ ఒకడు, సిగ్నల్‌మన్ ఒకడు కావాలి. రెండు పనులూ నేనే చూసుకుంటే చాలని, పని బాగా సాగితే నన్నే ఆ క్రేన్‌కు ఫోర్‌మన్ చేస్తానని ఇంజనీర్ అన్నాడు. కాక అడ్డం తిరిగాడు.

"సంకెల బిగించెటోడు బరువును సూడాలె. సిగ్నలిచ్చెటోడు మనుషులను సూడాలె. వీనికున్నయి రెండే కండ్లాయె. ఎటు సూస్తడు?" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఒక్కటడుగు బిడ్డా. ఆ ఆటగాడు రెండు పనులూ ఒక్కపారి చేసిండా? ఇసిరేటప్పుడు ఇసిరిండు, కొట్టేటప్పుడు కొట్టిండు. తను ఇసిరిన బంతిని తనే కొట్టిండా? అడుగు" అన్నాడు.

నేను అడగలేదు. ఆ ప్రశ్నకు ఇంజనీర్ దగ్గర జవాబు లేదని నాకు అక్కడే అర్థమైంది. అడిగితే నా ప్రమోషన్ పోతుంది. అందుకే, "ఈయనకు కుర్రవాళ్ళు పైకి రావడం ఇష్టం లేదు" అని ఇంగ్లీషులో చెప్పాను. కాక నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ చూపు నాకు ఈనాటికీ గుచ్చుకుంటుంది.

ఇంజనీర్ ముఖం కందగడ్డయింది. మర్నాడు పొద్దున అందరి ముందూ కాకను డ్యూటీ నుంచి తప్పించి, క్యాంప్‌కు పొమ్మన్నాడు. వారంలో టికెట్ కొట్టి ఇంటికి పంపిస్తానన్నాడు. ఆ మాట కూడా నా నోటితోనే తెలుగులో చెప్పించాడు. గడియారం తీసి జేబులో వేసుకోబోతున్న కాక చెయ్యి అక్కడే ఆగిపోయింది. "సరే తీ" అన్నాడు. క్యాంప్‌కు మాత్రం పోలేదు. క్రేన్ కిందికి ఎవరూ రాకుండా అడ్డం కట్టిన తాడు అవతల, నెత్తిన ఎండ మాడ్చేస్తుంటే నిలబడిపోయాడు.

నేను పెద్ద పైపుకు సంకెల బిగించాను. క్రేన్ నడిపే పఠాన్‌కు కనపడే చోట నిలబడి ఎత్తమని సైగ చేశాను. పైపు లేచింది. ఎడమకు తిప్పమన్నాను. సగం తిరిగాక పైపు ఒక కొస ఊగి పరంజా మీదికి పోవడం కనిపించింది. ఆ క్షణంలో నాలోని సిగ్నల్‌మన్ పోయి రిగ్గర్ లేచాడు. ఉన్న చోటు వదిలి లోపలికి ఉరికి, ఊగకుండా ఆపడానికి పైపుకు కట్టిన తాడు పట్టుకున్నాను. ఇప్పుడు పఠాన్‌కు నేను కనపడను. కనపడకపోతే క్రేన్ ఆపాలి. కానీ క్రేన్ పక్కనే నిలబడి ఇంజనీర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతుంటే, చివరి సైగ తిప్పమన్నదే గనుక అతను తిప్పుతూనే ఉన్నాడు. నా వెనక కాంక్రీటు గోడ. నేను గోడకూ పైపుకూ మధ్యన ఉన్నానని అప్పటికి గానీ నాకు తెలియలేదు. తాడు వదిలేసి రెండు చేతులతో పైపును నెట్టాను. టన్నుల బరువు! ఇనుము సెగ నా ముఖానికి తగిలింది.

పైపు ఆగింది. దానికీ నా ఛాతీకీ మధ్య జానెడు చోటుంది.

అడ్డం కట్టిన తాడు దాటి, సరిగ్గా పఠాన్ కళ్ళెదుట, కాక రెండు చేతులూ బారచాపి నిలబడి ఉన్నాడు. ఆపమనే సైగ అది. ఆ ఒక్క సైగ ఎవరు చేసినా క్రేన్ ఆగి తీరాలి, ఉద్యోగం ఊడినవాడు చేసినా సరే.

నెమ్మదిగా పైపును వెనక్కి తీసి కింద పెట్టారు. ఇంజనీర్ పరిగెత్తుకొచ్చి నన్ను తడిమి చూశాడు. ముందురోజు నేను మింగేసిన ప్రశ్న అక్కడే ఇంగ్లీషులో చెప్పాను. అది కాక అడిగిందని, నేను దాచానని కూడా చెప్పాను. ఆయన హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ ఆటగాడు తను విసిరిన బంతిని తనే ఎన్నడూ కొట్టలేదు అన్నాడు. ఆ మాట తనే వెళ్ళి కాకకు చెప్పాలనుకుని రెండడుగులు వేసి, భాష రాక ఆగిపోయాడు. కాక టికెట్ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను దాచిన సంగతి కాకకు తెలుసో లేదో నేనెన్నడూ అడగలేకపోయాను.

పఠాన్ క్రేన్ దిగి వచ్చాడు. అందరూ గుమిగూడారు. కాక మాత్రం అలాగే నిలబడి ఉన్నాడు, చేతులు చాపి, కళ్ళు గోడ మీదే పెట్టి. "అయిపోయింది కాకా" అన్నారెవరో. ఆయనకు వినపడలేదు. నేను దగ్గరికి పోయాను. ఆ చేతులు కొయ్యబారి ఉన్నాయి. "కాకా, నేను ఈడనే ఉన్న. సూడు" అన్నాను. ఒక చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాను. ఆ తర్వాత రెండోది.