దొరసానమ్మ కళ్ళు మంచివే

కిందటేడు మా వారికి డుంబ్రిగుడ బదిలీ అయ్యింది. అక్కడి గిరిజన ఆడపిల్లల ఉపాధి కోసం మన రాష్ట్ర ప్రభుత్వమూ, పశ్చిమ జర్మనీలోని ఓ రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి వెదురు అల్లిక కేంద్రం పెడుతున్నాయి. ప్రారంభం రోజున జర్మనీ అధికారిణి ఇంగ్లీషు ఉపన్యాసాన్ని నేను తెలుగులో చెప్పాలి. బాగా చెబితే అందులో ఉద్యోగం నాదే అన్నారు. బి.ఏ. చదివి ఉగ్గు కలుపుతున్న నాకు అంతకన్నా ఏం కావాలి?

ఆవిడ పందిట్లోకి వస్తూ, మా అత్తగారి చంకలో ఉన్న మా బాబును చూసి, "ఎంత బొద్దుగా ఉన్నాడో!" అంది. నేను ఉత్సాహంగా అదీ తెలుగులో చెప్పేశాను. అత్తగారు గతుక్కుమని వంటషెడ్డు వైపు నడిచారు.

"ఇప్పుడు దిష్టి తియ్యడమేమిటి అత్తయ్యా?"

"బియ్యే సదివినోల్ల పిల్లలకి దిష్టి తగల్దేటే?"

నిజానికి నాకూ భయమేసింది. పొయ్యిలో మిరపకాయలు నాలుగు ఎక్కువే వెయ్యమన్నాను.

ఉపన్యాసం మధ్యలో గాలి పందిరి వైపు తిరిగింది. ఆ ఘాటుకి అధికారులు, దొరసానమ్మ, డప్పులవాళ్ళు అందరూ దగ్గుతూ పందిరి వదిలి పరిగెత్తారు. నా ఉద్యోగమూ వాళ్ళ వెనకాలే పోయిందనుకున్నాను.

అత్తగారు మాత్రం వెలిగిపోతూ వచ్చారు. "ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టే! దొరసానమ్మ కళ్ళు మంచివే. బేగి సెప్పవే ఆవిడికి!"

ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వింది. ఉద్యోగం ఇచ్చారు.

రేపు మరో విదేశీ బృందం వస్తోంది. మిరపకాయల డబ్బా అత్తగారికి కనబడకుండా దాచేశాను. బాబుకు మాత్రం పెద్ద దిష్టిచుక్కే పెడతాను.